గోడకు ఇవతల మరదలు, అవతల చెల్లెలు

బరంపురంలో తెలుగు ఇల్లూ ఒడియా ఇల్లూ ఒకే గోడను పంచుకునే వీధులు ఉన్నాయి. గోడకు ఇవతలి ఇంటికి సెలవుల్లో మేనమామ కూతురు వచ్చిందంటే పెద్దవాళ్లు పిల్లవాణ్ణి ఆటపట్టించడం మొదలుపెడతారు: ‘నీ పెళ్లాం వచ్చిందిరా, ఎదురెళ్లు’ అని. అవతలి ఇంట్లో మేనమామ కూతురు వస్తే రాఖీ కడుతుంది. ఆమె అతనికి భౌణి, అంటే తోబుట్టువు. ఇవతల శుభలేఖ వేయించే సంబంధం అవతల నోట పలకడానికే దోషం. గంజాం ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి విడిపోయి ఒడిశాలో చేరింది 1936 ఏప్రిల్ 1న. పర్లాకిమిడి జమీందారీని రెండుగా కోసిన గీత కూడా అప్పటిదే. పటం మీది ఆ గీత నిన్నమొన్నటిది. వావి వరసల గీత అంతకంటే చాలా పాతది, అది ఇళ్ల మధ్య గోడల వెంట నడుస్తుంది.

ఎంత పాతదంటే, దక్షిణాదివారికి మాత్రమే ఉన్న ఆచారాలంటూ ప్రాచీన ధర్మశాస్త్ర గ్రంథమైన బోధాయన ధర్మసూత్రం ఐదింటిని లెక్కపెట్టింది. మేనమామ కూతుర్ని, మేనత్త కూతుర్ని పెళ్లాడటం వాటిలో ఉన్నాయి. ఉన్ని అమ్మడం, సముద్రం మీద ప్రయాణించడం వంటివి ఉత్తరాదివారికి ప్రత్యేకమని కూడా చెప్పింది. ఒక ప్రాంతపు ఆచారాన్ని మరో ప్రాంతంలో పాటిస్తే దోషమని తీర్పిచ్చింది. 1955 నాటి హిందూ వివాహ చట్టం కూడా చివరికి అక్కడికే చేరింది. మేనమామ–మేనకోడలు, అన్నాచెల్లెళ్ల పిల్లలు, అన్నదమ్ముల పిల్లలు, అక్కచెల్లెళ్ల పిల్లలు అందరినీ నిషిద్ధ బంధుత్వాల కింద రాసి, ఆచారం ఒప్పుకుంటే మాత్రం ఆ పెళ్లి చెల్లుతుందని వెసులుబాటు ఇచ్చింది. అందువల్ల బరంపురంలో తెలుగు కుటుంబపు మేనరికం చట్టబద్ధం. అలాంటి ఆచారం లేని పొరుగింటివారు అదే పెళ్లి చేస్తే అది చెల్లదు.

ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న తలెత్తుతుంది. రక్తసంబంధీకుల మధ్య లైంగిక బంధం అనగానే మనిషికి కలిగే వెగటు పుట్టుకతో వచ్చినదైతే, అది అడుగు మందం గోడ దాటగానే ఎందుకు మారిపోతోంది? అది కేవలం నేర్పితే వచ్చిన అలవాటైతే, అన్నాచెల్లెళ్ల పెళ్లిని దాదాపు ప్రపంచంలోని ప్రతి సమాజమూ ఎందుకు నిషేధించింది? రోమన్ల పాలనలోని ఈజిప్టు వంటి మినహాయింపులు ఉన్నా, వాటిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

ఫిన్లాండ్‌కు చెందిన మానవశాస్త్రవేత్త ఎడ్వర్డ్ వెస్టర్‌మార్క్ 1891లో దీనికి ఒక జవాబు చెప్పాడు. పసితనం నుంచి కలిసి పెరిగినవారి మధ్య పెద్దయ్యాక లైంగిక ఆకర్షణ పుట్టదు, పైగా ఆ ఊహే వెగటు కలిగిస్తుంది అన్నాడు. ఆ రోజుల్లో ఈ మాటను పేరున్న పండితులు కొందరు గట్టిగా కాదన్నారు. ఎవరికీ ఇష్టం లేని పనిని నిషేధించడానికి చట్టం ఎందుకని మానవశాస్త్రవేత్త జేమ్స్ ఫ్రేజర్ ఎదురు ప్రశ్న వేశాడు. మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్ 1913లో ఆ వాదననే అందుకుని, లోపల బలమైన కోరిక ఉంది కాబట్టే పైన అంత బలమైన నిషేధం ఉందన్నాడు. దాదాపు అరవై ఏళ్లు ఫ్రాయిడ్ మాటే నెగ్గింది. ఈ వివాదాన్ని తేల్చింది తాత్వికులు కారు, తైవాన్‌లోని ఇంటి రిజిస్టర్లు.

ఉత్తర తైవాన్‌లో ఒకప్పుడు పేద కుటుంబాలు ఆడశిశువును పసితనంలోనే కాబోయే అత్తవారింటికి ఇచ్చేసేవి. ఆ పిల్ల తన భర్త కాబోయే పిల్లవాడితో ఒకే కంచంలో తిని, ఒకే చాప మీద పడుకుని, అన్నాచెల్లెళ్లలా పెరిగేది. ఈడు రాగానే పెద్దలు ఒక పండుగ రాత్రి వాళ్లిద్దరినీ భార్యాభర్తలని ప్రకటించేవారు. ఇద్దరికీ రక్తసంబంధం ఏమీ లేదు. సమాజం నిషేధించకపోగా, పెళ్లి చేసుకోమని ఒత్తిడి చేసేది. జపాన్ పాలనలో ప్రతి ఇంటి జననాలు, పెళ్లిళ్లు, విడాకులు రిజిస్టర్లలోకి ఎక్కాయి కాబట్టి, ఆర్థర్ వుల్ఫ్ అనే మానవశాస్త్రవేత్త వాటిని ముందేసుకుని 14 వేలకు పైగా స్త్రీల వివాహ చరిత్రలను పోల్చి చూడగలిగాడు. పెద్దయ్యాక కొత్తగా కలిసిన దంపతులతో పోలిస్తే, కలిసి పెరిగి పెళ్లాడినవారిలో విడాకులు బాగా ఎక్కువ, పిల్లలు గణనీయంగా తక్కువ. ఆడపిల్ల మూడేళ్లు నిండకముందే ఆ ఇంటికి వచ్చిన జంటల్లో ఈ తేడా మరీ ఎక్కువగా కనిపించింది. కొత్తగా పెళ్లయిన ఆ జంటలను గదిలో పెట్టి తలుపు వేయవలసి వచ్చేదని అక్కడి ముసలివాళ్లు చెప్పుకునేవారు.

ఇజ్రాయెల్‌లో కిబుత్జ్‌లనే ఉమ్మడి జీవనపు ఊళ్లలో ఇదే కథ మరోలా జరిగింది. అక్కడ వేర్వేరు తల్లిదండ్రుల పిల్లలను ఒకే శిశుగృహంలో కలిపి పెంచేవారు. వాళ్లు పెద్దయ్యాక ఒకరినొకరు పెళ్లాడటానికి ఏ అడ్డూ లేదు. జోసెఫ్ షెఫర్ 1971లో 2,769 పెళ్లిళ్ల వివరాలు చూస్తే, పుట్టినప్పటి నుంచి ఆరేళ్ల దాకా ఒకే గుంపులో విడవకుండా పెరిగిన ఇద్దరి మధ్య జరిగిన పెళ్లి ఒక్కటీ లేదు. లెబనాన్‌లోని ఒక ఊళ్లో అన్నదమ్ముల పిల్లలు పెళ్లి చేసుకోవడం ఆచారం. వాళ్లు పక్కపక్క ఇళ్లలో కలిసి పెరుగుతారు. జస్టిన్ మెక్‌కేబ్ 1983లో వెల్లడించిన వివరాల ప్రకారం అలాంటి జంటలకు పెళ్లయిన తొలి పాతికేళ్లలో 23 శాతం తక్కువ మంది పిల్లలు పుట్టారు, విడాకులు నాలుగు రెట్లు ఎక్కువగా జరిగాయి.

ఈ మూడు సాక్ష్యాలనూ కలిపి చూస్తే పరిణామం మనిషి మెదడులో ఏ ఏర్పాటు చేసిందో తెలుస్తుంది. జన్యువులు కంటికి కనిపించవు. పక్కనున్న మనిషి తోబుట్టువా కాదా అని రక్తం పరీక్షించి చూసుకునే వీలు ఏ జంతువుకూ లేదు. కానీ లక్షల ఏళ్ల పాటు మనిషి పసితనంలో ఎవరితో కలిసి ఒకే తల్లి దగ్గర పెరిగాడో వాళ్లే దాదాపు ఎప్పుడూ తోబుట్టువులు. అందుకే మెదడు ఆ దగ్గరితనాన్నే గుర్తుగా పెట్టుకుంది. డెబ్రా లీబర్‌మన్, జాన్ టూబీ, లీడా కాస్మిడీస్ 2007లో ప్రచురించిన పరిశోధన దీన్ని ఇంకా విప్పి చెప్పింది. పెద్దబిడ్డకు తల్లి తన చెల్లిని లేదా తమ్ముణ్ణి పసిగుడ్డుగా ఒడిలో పెట్టుకోవడం చూసిన జ్ఞాపకమే గట్టి గుర్తు. చిన్నబిడ్డకు ఆ అవకాశం ఉండదు కాబట్టి, ఒకే ఇంట్లో ఎన్నేళ్లు కలిసి ఉన్నారన్నదే లెక్క. ఈ రెండు గుర్తులే తోబుట్టువు కోసం త్యాగం చేసే మనసునూ, తోబుట్టువుతో లైంగిక బంధం అంటే కలిగే వెగటునూ నిర్ణయిస్తాయని వాళ్లు చూపారు. ఒకే తీగ నుంచి అటు ప్రేమ, ఇటు రోత పుట్టడం ఈ మొత్తం విషయంలో అన్నిటికంటే అద్భుతమైన సంగతి.

ఇతర జంతువులు ఈ సమస్యను ఊరు మారడం ద్వారా తీర్చుకుంటాయి. మన చుట్టూ తిరిగే కోతుల్లో ఈడొచ్చిన మగది పుట్టిన మందను వదిలిపోతుంది. చింపాంజీల్లో ఎక్కువగా ఆడది వెళ్లిపోతుంది. వాసన కూడా పని చేస్తుందని 1995లో స్విట్జర్లాండ్‌లో చొక్కాలు వాసన చూపించి చేసిన ప్రసిద్ధ ప్రయోగం చెప్పింది. తర్వాతి ప్రయోగాల్లో ఆ ఫలితం ఒకసారి వచ్చి ఒకసారి రాలేదు కాబట్టి దాని మీద ఎక్కువ బరువు పెట్టకూడదు.

ఇప్పుడు మళ్లీ బరంపురం గోడ దగ్గరికి రావాలి. తెలుగువారికి పెదనాన్న కూతురు అక్క, మేనమామ కూతురు మరదలు. జన్యువుల లెక్కలో ఈ ఇద్దరికీ ఏ తేడా లేదు, ఇద్దరితోనూ ఎనిమిదో వంతు జన్యువులు కలుస్తాయి. కాబట్టి తెలుగు వావి రక్తాన్ని కొలిచి పుట్టినది కాదు. వెస్టర్‌మార్క్ లెక్కలో మాత్రం తేడా ఉంది. ఉమ్మడి కుటుంబంలో అన్నదమ్ముల పిల్లలు ఒకే పెరట్లో పెరుగుతారు, మేనమామ పిల్లలు వేరే ఊళ్లో పెరుగుతారు. వెగటు పుట్టే చోట నిషేధం, పుట్టని చోట పెళ్లి. వినడానికి ఎంతో ఇంపుగా ఉన్న ఈ వివరణ సగం దూరమే నడుస్తుంది. పెద్దమ్మ కూతురు, పిన్ని కూతురు కూడా వేరే ఊళ్లోనే పెరుగుతారు, గోత్రమూ వేరే అయి ఉండవచ్చు. అయినా వాళ్లు అక్కచెల్లెళ్లే. ఇక్కడ పని చేస్తున్నది భాషలోని తర్కం. అక్కచెల్లెళ్లిద్దరు అన్నదమ్ములిద్దరిని పెళ్లాడగల వ్యవస్థలో తల్లి చెల్లెలు పిన్నితల్లి అవుతుంది, ఆమె పిల్లలు తోబుట్టువులవుతారు. తల్లి సోదరుడు మాత్రం మామ. ఆ మాటకే పిల్లనిచ్చిన మామ అనే అర్థమూ ఉంది. నాన్న సోదరి అత్త, భర్త తల్లీ అత్తే. ఒడియాలో మేనమామ ‘మాము’, భార్య తండ్రి ‘శశుర’. రెండు బంధాలకు రెండు వేర్వేరు మాటలున్న భాషలో మేనరికానికి చోటే లేదు.

భాషే అంతా చేస్తుందని ఇక్కడితో తేల్చేద్దామంటే మహారాష్ట్ర సరిహద్దు అడ్డుపడుతుంది. మానవశాస్త్రవేత్త ఇరావతి కర్వే 1953లో దేశాన్ని బంధుత్వ మండలాలుగా విభజించినప్పుడు ఒడిశాను, మహారాష్ట్రను రెంటినీ మధ్య మండలంలో చేర్చారు. కానీ రెండూ ఒకటి కావు. ప్రాణహిత గోదావరిలో కలిసే సిరొంచలోనో, నాందేడ్ జిల్లా దెగ్లూరులోనో తెలుగు కుటుంబాల పక్కన ఉండే అనేక మరాఠీ కుటుంబాల్లో మేనమామ కూతుర్ని చేసుకోవచ్చు, మేనత్త కూతుర్ని చేసుకోకూడదు. అక్క కూతుర్ని చేసుకోవడం అసలే లేదు. మేనమామ కూతుర్ని మరాఠీలో ‘మామే బహీణ్’ అంటారు. బహీణ్ అంటే తోబుట్టువే. తోబుట్టువని పిలుస్తూనే పెళ్లాడతారు. కోడలు మామగారిని ‘మామంజీ’ అని పిలవడం కూడా అక్కడ ఉంది. పిలుపు ఒక్కటే వెగటును పుట్టించలేదనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. గడ్చిరోలి అడవుల్లోని గోండులు ద్రావిడ భాష మాట్లాడతారు, మేనరికం చేస్తారు. ఒక తరంలో పిల్లనిచ్చిన ఇంటికి తర్వాతి తరంలో పిల్ల తిరిగి రావడాన్ని మధ్య భారతంలో ‘దూధ్ లౌటావా’, పాలు తిరిగివ్వడం, అంటారు. దక్షిణ ఒడిశాలోనూ మేనమామ కూతుర్ని చేసుకునే ఒడియా కులాలు కొన్ని ఉన్నాయి. సరిహద్దు అంటేనే అంత, ఒక్క నియమం కూడా గీత దగ్గర బుద్ధిగా ఆగదు.

వెగటు సంగతి అది. రక్తం సంగతి వేరే. మేనరికం మీద జరిగే చర్చల్లో ఈ రెంటినీ కలిపేయడం వల్లనే ఇటు భయమూ అటు మొండితనమూ పెరుగుతున్నాయి.

ప్రతి మనిషిలోనూ హాని చేయగల జన్యువులు కొన్ని ఒంటరి నకళ్లుగా నిద్రపోతుంటాయి. రెండో నకలు మంచిదైతే హాని బయటపడదు. తల్లిదండ్రులకు ఉమ్మడి పూర్వీకుడు ఉంటే, ఆయన జన్యువు ఒకటి రెండు దారుల్లోనూ వచ్చి బిడ్డలో జంటగా కలిసే అవకాశం పెరుగుతుంది. ఆ అవకాశం అన్నాచెల్లెళ్ల బిడ్డకు నాలుగో వంతు, మేనమామ–మేనకోడళ్ల బిడ్డకు ఎనిమిదో వంతు, మేనబావ–మేనమరదళ్ల బిడ్డకు పదహారో వంతు, తోబుట్టువుల మనవలు పెళ్లాడితే పుట్టే బిడ్డకు అరవై నాలుగో వంతు. తరతరాలుగా అదే పని చేస్తే ఇది పేరుకుపోతుంది. స్పెయిన్ రాజు రెండో చార్లెస్ తల్లిదండ్రులు మేనమామ, మేనకోడలే. కానీ అంతకుముందు తరాల పెళ్లిళ్లు కూడా తోడై అతని లెక్క 0.254కు చేరిందని 2009లో కట్టారు. అంటే అన్నాచెల్లెళ్ల బిడ్డ కంటే కాస్త ఎక్కువే. సంతానం లేకుండా 38 ఏళ్లకు 1700లో అతను చనిపోవడంతో హాబ్స్‌బర్గ్ వంశపు స్పెయిన్ శాఖ అక్కడ ముగిసింది.

డార్విన్‌కు ఈ విషయం సొంత ఇంటి బెంగ. 1839లో తన మేనమామ కూతురు ఎమ్మాను పెళ్లాడాడు. పదిమంది పిల్లల్లో ముగ్గురు చిన్నతనంలోనే పోయారు. 1870లో, రాబోయే జనాభా లెక్కల్లో తోబుట్టువుల పిల్లల మధ్య జరిగే పెళ్లిళ్ల గురించి ఒక ప్రశ్న చేర్చాలని పార్లమెంటు సభ్యుడైన మిత్రుడు జాన్ లబక్‌ను కోరాడు. సభ ఒప్పుకోలేదు. ఆ భయానికి ఇప్పుడు అంకెలు ఉన్నాయి. ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్‌లో 13 వేలకు పైగా శిశువుల మీద జరిగి 2013లో వెలువడిన అధ్యయనం ప్రకారం పుట్టుకతో వచ్చే లోపాల ప్రమాదం మామూలుగా 3 శాతం ఉంటే, అలాంటి దంపతుల పిల్లల్లో అది 6 శాతం. రెట్టింపు అన్నది నిజం. నూటికి 94 మంది పిల్లలు ఆ లోపాలు లేకుండానే పుడతారన్నదీ నిజమే. ఈ రెండు వాక్యాల్లో ఒక్కదాన్నే చెప్పేవాళ్లు సగం సత్యమే చెబుతున్నారు.

మేనరికం వేల ఏళ్లుగా సాగిన చోట చెడ్డ జన్యువులు జంట కట్టి, బయటపడి, ఆ పిల్లలు బతకక, క్రమంగా జనాభా నుంచి తొలగిపోయి ఉంటాయన్న వాదన ఒకటి ఉంది. ఎల్.డి. సంఘ్వీ 1966లో దీన్ని ముందుకు తెచ్చారు. 1970లలో తమిళనాడులోని ఉత్తర ఆర్కాట్ ప్రాంతంలో రావు, ఇన్‌బరాజ్ జరిపిన సర్వేల్లో మేనరికపు హాని ఊహించినంతగా కనబడలేదు కూడా. కానీ ఆ తొలగింపు జరిగినా అది పిల్లల చావులతో చెల్లించిన మూల్యం. ఎప్పటికప్పుడు కొత్త మార్పులు పుట్టుకొస్తూనే ఉంటాయి కాబట్టి ఎప్పటికీ పూర్తికాని పని కూడా. తెలుగు నేల మీద ఈ లెక్కలు తొలిగా కట్టినవారిలో ద్రోణంరాజు కృష్ణారావు ఒకరు. 1960ల తొలి ఏళ్లలో పి. మీరాఖాన్‌తో కలిసి ఆంధ్రలోని మేనరికాల వివరాలు సేకరించారు. ఆయన గురువు, బ్రిటిష్ జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ ఇంగ్లండ్ వదిలి 1957లో భారతదేశానికి వచ్చి, చివరి రోజులు భువనేశ్వర్‌లో గడిపి, 1964 డిసెంబరు 1న అక్కడే కన్నుమూశారు. తన శరీరాన్ని కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాలకు రాసిచ్చారు. ఒడిశాకూ ఆంధ్రకూ మధ్య జన్యుశాస్త్రం కలిపిన బంధం ఇంతకంటే సూటిగా చెప్పలేం.

మేనరికం ఒక్కటే దోషి అన్న నమ్మకం గోడకు అవతలివారికి తప్పుడు ధైర్యం ఇస్తుంది. దగ్గరి చుట్టాన్ని చేసుకోరు సరే, కులం దాటి మాత్రం చేసుకుంటున్నారా? దక్షిణాసియాలోని 263 సమూహాల జన్యువులను పరిశీలించి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, 81 సమూహాలు ఇందుకు పేరుపడ్డ ఫిన్లాండ్‌వారి కంటే, యూరపు మూలాల అష్కెనాజీ యూదుల కంటే తీవ్రంగా కొద్దిమంది పూర్వీకులకే కుదించుకుపోయాయని తేలింది. ఆర్యవైశ్యుల ఉదాహరణ వైద్యులకు బాగా తెలుసు. వంద తరాలకు పైగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకున్న ఈ సమాజంలో ఒక ఎంజైము లోపం మిగతావారి కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. మామూలుగా దానివల్ల ఏ ఇబ్బందీ లేదు. శస్త్రచికిత్సకు ముందు కండరాలను సడలించే ఒక మందు ఇస్తే మాత్రం ఆ మందు విరగక, ఊపిరి తీసే కండరాలు గంటల తరబడి కదలవు. అందుకే తెలిసిన మత్తుమందు వైద్యుడు ముందే అడిగి తెలుసుకుంటాడు. ఇక్కడ భార్యాభర్తలు దూరపు ఊళ్లవారైనా, చుట్టరికం కనబడకపోయినా, జన్యువుల దృష్టిలో చుట్టాలే.

ఒడిశా దక్షిణ జిల్లాల్లోనూ గడ్చిరోలిలోనూ దీనికి మరో ముఖం, ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే సికిల్ సెల్ వ్యాధి. ఆ జన్యువు ఒక్క నకలు ఉంటే మలేరియా నుంచి కాపాడుతుందని 1954లో ఆంథొనీ ఆలిసన్ చూపించాడు. దోమలు ఏలిన కొండ ప్రాంతాల్లో అది నిలదొక్కుకున్నది అందుకే. ఇద్దరు వాహకులు, అంటే ఆ జన్యువు ఒక్క నకలు మోసేవాళ్లు, పెళ్లాడితే ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నాలుగో వంతు. మేనరికం దీన్ని ఎంత పెంచుతుందో ఒక చిన్న లెక్క వేసి చూడవచ్చు. ఏదో జన్యువు వెయ్యి మందిలో ఒకరికి ఉందనుకుంటే, ఒక వాహకుడికి పరాయి పిల్లను చేసుకుంటే ఆమె కూడా వాహకురాలయ్యే అవకాశం వెయ్యిలో ఒకటి, మేనమరదల్ని చేసుకుంటే ఎనిమిదిలో ఒకటి. నూట పాతిక రెట్లు. అదే జన్యువు ఐదుగురిలో ఒకరికి ఉన్న సమూహంలో పరాయి పిల్లతో నూటికి 20, మేనమరదలితో ఉజ్జాయింపుగా 30. తేడా ఒకటిన్నర రెట్లే. అరుదైన జబ్బుల విషయంలో మేనరికం పెద్ద ప్రమాదం. సికిల్ సెల్ ఎక్కువగా ఉన్న చోట మేనరికం మానుకున్నంత మాత్రాన ఒరిగేది తక్కువ, పెళ్లికి ముందు రక్తపరీక్షే అసలు పని. 2023 జూలైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం 40 ఏళ్ల లోపు 7 కోట్ల మందిని పరీక్షించి కార్డులు ఇవ్వాలని పెట్టుకున్నది ఈ ఉద్దేశంతోనే. జాతకం చూసే ఇంట్లో ఆ కార్డు కూడా చూడటం మొదలైతే, మరదలైనా పరాయి పిల్లైనా లెక్క తేటగా ఉంటుంది.

ఈలోగా మేనరికం తనంతట తానే మారిపోతోంది. ఇద్దరు పిల్లల కుటుంబంలో ఈడుజోడు కుదిరే బావ గానీ మరదలు గానీ దొరకడమే కష్టం. అంతకంటే గమనించవలసిన మార్పు ఇంకొకటి ఉంది. ఉద్యోగాల కోసం బరంపురం, రాయగడ వంటి పట్టణాలకు చేరిన అన్నాచెల్లెళ్లు ఒకే వీధిలో ఇళ్లు తీసుకుంటున్నారు. అమ్మమ్మ రెండిళ్ల పిల్లలనూ ఒక్క చోటే పెంచుతోంది. పాతకాలపు మేనరికం నిలబడింది బావామరదళ్లు వేర్వేరు ఊళ్లలో పెరిగి, పండక్కో పెళ్లికో కలవడం వల్లనే. ఇప్పుడు పసితనం నుంచి ఒకే బల్ల మీద హోంవర్క్ చేసిన ఇద్దరికి ఇరవై నాలుగేళ్లప్పుడు సంబంధం కలుపుతామంటే, ఆ అమ్మాయి చాలా ఇళ్లలో వినిపించే మాటే అంటుంది: ‘అతను నాకు అన్నయ్యలా అనిపిస్తాడు.’ బావను పట్టుకుని అన్న అంటావా, వావి వరస తెలియదా అని పెద్దలు కసురుకుంటారు. వరసలో ఆమెది తప్పే. కానీ తల్లి ఒడినీ, ఇంటి చాపనూ చూసి చుట్టరికం కట్టుకునే మెదడులోని ఆ పాత ఏర్పాటు ఆమె విషయంలో తన పని పూర్తి చేసేసింది. తైవాన్ రిజిస్టర్లలో, ఆ మాట అనే వీలు లేకపోయిన ఆడపిల్లల జీవితాలు విడాకుల అంకెలుగా, పుట్టని పిల్లల అంకెలుగా నమోదై ఉన్నాయి.